పక్క కుర్చీ

మాస్టారి దగ్గర గిటారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి ముందు నడక నేర్పుతారు. కాళ్లకి కాదు, కుడిచేతి బొటనవేలికి. లావు తీగ మీద ఒక అడుగు, అవతలి తీగ మీద ఇంకో అడుగు, మళ్లీ లావు తీగ, మళ్లీ అవతలిది. తొందరపడకూడదు, ఆగకూడదు. అంతవరకు మిగతా వేళ్లకి పని లేదు, చెక్క మీద ఆనుకుని పడి ఉండాల్సిందే. పాటలో రాగమంతా సన్నతీగల మీద ఆ వేళ్లే పలికిస్తాయి కాబట్టి వచ్చినవాళ్లకి మనసంతా వాటి మీదే ఉంటుంది. మాస్టారు ఆ ఆత్రం చూసీ చూడనట్టు ఊరుకుంటారు. "ముందు నడవండి. పాడటం తర్వాత చూద్దాం," అంటారు.

నడక వచ్చిందో లేదో తేల్చడానికి ఆయన దగ్గర ఒక పరీక్ష ఉంది. ఎదురుగా కూర్చుని కబుర్లలోకి దింపుతారు. పొద్దున ఏం తిన్నారు, ఏ దారిన వచ్చారు, మీ అత్తగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి. జవాబు వెతుక్కునేచోట వేలు తడబడిందా, మళ్లీ కొన్నాళ్లు నడకే. అబద్ధం చెప్పినా, నవ్వొచ్చినా, కోపమొచ్చినా వేలు తన దారిన తాను పోతుంటే, అప్పుడు చూపుడువేలికి మొదటి స్వరం ఇస్తారు.

ఈ పరీక్షలో నడకమ్మని మించినవాళ్లు ఆ మేడమీది గదిలో ఇంతవరకు అడుగుపెట్టలేదు. ఆ పేరు పెట్టింది మాస్టారే. అసలు పేరేమిటని అడిగిన పాపాన అక్కడెవరూ పోలేదు. కింద టైర్ల దుకాణంలో కంప్రెసరు బుసకొట్టినా, ఎదురుగా ఎవరు పోట్లాడుకున్నా ఆమె వేలు చలించదు. అందులో ఒక ముద్దయిన అలవాటు కూడా ఉంది. మొదటి అడుగు నిబ్బరంగా వేసి, రెండోది కాస్త తేలిగ్గా వేస్తుంది, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు. ఇంత చక్కని నడక పట్టుబడ్డ మనిషికి చూపుడువేలి స్వరం ఇవ్వాలి కదా. ఇవ్వలేదు. ఆమె తర్వాత వచ్చినవాళ్లకి ఇచ్చారు, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లకీ ఇచ్చారు. ఆమెకి ఒక కుర్చీ ఇచ్చారు.

ఆ కుర్చీ పాఠం చెప్పించుకునేవాళ్ల పక్కన, కాస్త వెనగ్గా, గోడకి చేరేసి ఉంటుంది. వాళ్లు రాగం నేర్చుకుంటుంటే నడకమ్మ అందులో కూర్చుని తన గిటారు మీద నడక వాయిస్తుంది. వాళ్ల వేలు దారి తప్పినప్పుడు ఆమె వేలు వెంట పడి మళ్లీ దార్లోకి వస్తారు. ఇలా కూర్చోవడం మొదలుపెట్టాక మాస్టారు ఆమెని ఫీజు అడగడం మానేశారు. అది తన మీద అభిమానం అనుకుంది. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటోంది. కొందరంతే, ఎవరైనా తమ కాలు తొక్కితే ముందు వాళ్ల చెప్పు పాడైందేమోనని చూస్తారు.

ఆ బుధవారం సాయంత్రం పళ్ల డాక్టరు పాఠం. డాక్టరు మెత్తని మనిషి. ఎవరితో మాట్లాడినా ముందు నోట్లోకి చూసి తర్వాత కళ్లలోకి చూస్తాడు, అదొక్కటే లోపం. ఆదివారం హాల్లో జరిగే శిష్యుల కచేరీలో చివరి పాట ఆయనది. రైలు పాట. అమెరికా పత్తిచేలల్లో కూలికి పోయిన నల్లవాళ్లు కట్టుకున్న పాత బ్లూస్ పాట అది. రైలు వెళ్లిపోయింది, నేను ఉండిపోయాను, అంతే కథ. బొటనవేలు రైలు, తక్కిన వేళ్లు ఏడుపు. ఏడుపు ఎంత పొంగినా రైలు ఆగకూడదు. అదే ఆ పాటలో ఉన్న కష్టం, అదే అందం.

పాట మధ్యలో ఒకచోట ఎడమచెయ్యి గిటారు మెడ మీద కిందికి జారి, కుడిచేతి వేళ్లు ఒక్కసారిగా పరుగందుకుంటాయి. సరిగ్గా అక్కడ డాక్టరు బొటనవేలు కుంటుతుంది. రెండడుగులు వేసి మూడోది మింగేస్తాడు. ఆ గుంటలో నడకమ్మ అడుగు పడుతుంది కాబట్టి గుంట ఉన్నట్టే వినేవాళ్లకి తెలియదు. డాక్టరుకే తెలియదు. మాస్టారికి తెలుసు, నడకమ్మకి తెలుసు.

పాఠం అయ్యాక మాస్టారు సుద్దముక్క తీసుకుని నేలమీద స్టేజీ గీశారు. ముందువైపు ఒక సున్నా చుట్టి, లైటు ఇక్కడ పడుతుంది, డాక్టరుగారు ఇక్కడ కూర్చుంటారు అన్నారు. తర్వాత వెనక్కి నడిచి, తెర పక్కన చిన్న గీత గీసి నడకమ్మ వైపు తిరిగారు.

"నువ్విక్కడ. కనిపించకపోయినా ఫర్వాలేదు, వినిపిస్తే చాలు."

కిందటి పక్షం ఇదే గదిలో ఆయన, ఆదివారం నువ్వూ స్టేజీ ఎక్కుతావు అన్నారు. ఆ మాట పట్టుకుని ఆమె ఇంట్లో అక్కకీ బావకీ చెప్పేసింది, నేను రైలు పాట వాయిస్తున్నాను అని. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆమే మాటని తనకి కావలసినంత పెద్దది చేసుకుంది. నేలమీది సుద్దగీత వైపు చూసి, అలాగే మాస్టారూ అంది. డాక్టరు మర్యాదస్తుడు కాబట్టి, మేడమ్‌ని కొంచెం ముందుకి జరపకూడదా అని అడిగాడు. లైటు చాలదన్నారు మాస్టారు. డాక్టరు తలూపి గిటారు సంచిలో పెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి అక్క కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. మిషను బల్ల మీద నడకమ్మ నీలం డ్రెస్సు. నిండు చేతులున్న ఆ ఒక్క డ్రెస్సే ఆమెకి నలుగురిలోకి వేసుకెళ్లడానికి పనికొచ్చేది. కుడిచేతి మణికట్టు దగ్గరి గుండీ గిటారు చెక్కకి తగిలి టక్కుమంటోందని నడకమ్మ ఎప్పుడో ఒకసారి అన్న మాట గుర్తుపెట్టుకుని అక్క ఆ చెయ్యి మోచేతి దాకా కత్తిరించేసింది. కుడిచెయ్యి ఒక్కటే. ఎడమ చెయ్యి జోలికి పోలేదు.

"ఇదేంటే, ఒక్క చెయ్యే కత్తిరించావు?"

"ఎడమచేత్తో తీగలు నొక్కుతావు, దానికేం అడ్డం? బంగారంలాంటి గుడ్డ, ఊరికే ఎందుకు కత్తిరించడం," అంది అక్క నోట్లో సూది పెట్టుకుని. "చూసేవాళ్లు ఎలాగూ కుడిచెయ్యే చూస్తారు."

బావ లిఫ్టు మెకానిక్కు. అప్పుడే పని నుంచి వచ్చి చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. డ్రెస్సు చూసి, మా మరదలికి ఎడమవైపు చలికాలం, కుడివైపు వేసవికాలం అన్నాడు. ఆదివారం తన డ్యూటీ ఇంకొకడికి అంటగట్టానని, ముందు వరసలో కూర్చుంటానని, ఆమె డుం డుం అనిపించడం ఇన్నాళ్లూ గోడ అవతల నుంచి విన్నానని, పాట వినడం ఇదే మొదలని చెప్పాడు. నడకమ్మ ఇంట్లో వాయించేది నడకే కదా మరి. పాట ఎలా ఉంటుందో వాళ్లకి ఎక్కడ తెలుస్తుంది. ఆమె నిజం చెప్పబోయింది. అక్క అప్పుడే కత్తిరించిన చేతి అంచు మడిచి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చేత్తో కుడుతోంది. నడకమ్మ గ్లాసులో నీళ్లు పోసుకుంది.

*

ఆమె పని ఆసుపత్రి లాండ్రీలో, భూమి కిందున్న అంతస్తులో. ఉతికిన దుప్పట్లు వేడి రోలరులోంచి వస్తాయి. ఇద్దరు చెరో రెండు కొనలు పట్టుకుని, ఒక్కసారి దులిపి, సాగలాగి, ఒకరికొకరు ఎదురు నడిచి కొనలు కలపాలి. అవతలి మనిషి తన కొనలు ఇవతలి చేతిలో పెట్టి, వంగి కింది మడత అందుకుంటుంది. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. నడకమ్మకి ఎదురు నిలబడే ఆవిడని అందరూ పొడుగమ్మ అంటారు. పొడుగువాళ్లకి ఎప్పుడూ పైకొనలే దక్కుతాయి, వంగేది పొట్టివాళ్లే. ఈ విషయం మీద ఇద్దరూ చాలాసార్లు వేళాకోళమాడుకున్నారు.

గురువారం పొద్దున నడకమ్మ దుప్పటి దులపడంలో ఊపు లేదని పొడుగమ్మ కనిపెట్టింది. సంగతేమిటని అడిగి, దుప్పటి తర్వాత దుప్పటి మడతపెడుతూ మొత్తం విన్నది. గిటార్ల గురించి ఆవిడకి ఓనమాలు తెలియవు. అయినా అర్థం చేసుకోవడానికి ఆవిడకి కష్టమేం కాలేదు.

"అంటే దుప్పటి ఆయనది. నువ్వు రెండో కొన పట్టుకుంటావు. అంతేగా?"

అంతే అంది నడకమ్మ.

"మరి ఒక్కసారి కొన వదిలిపెట్టు. నేలమీద పడితే అప్పుడు తెలుస్తుంది, పట్టుకున్నది ఎవరో."

నడకమ్మ నవ్వేసింది. కానీ ఆ మాట ఆమెని వదల్లేదు. మధ్యాహ్నం దాకా మడతలు పెడుతూనే, పాట మధ్యలో ఉన్న ఆ గుంట దగ్గరికి మనసులో నడిచి వెళ్లి, అంచున నిలబడి, లోపలికి తొంగి చూసి వెనక్కి వచ్చింది. ఆమె లేకపోతే అక్కడ రైలు పట్టాలు తప్పుతుంది. హాలంతా వింటుంది. బావ వింటాడు. అప్పుడు మాస్టారు ఏమంటారు? డాక్టరు మొహం ఏమవుతుంది? డాక్టరు మొహం దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ఆపేసింది. ఆయన ఆమెకేం అపకారం చెయ్యలేదు. పన్ను సలుపుతోందంటే ఒకసారి జేబులోంచి లవంగ నూనె సీసా తీసిచ్చాడు కూడా.

శుక్రవారం పని కాగానే తిన్నగా మాస్టారి గదికి వెళ్లింది. పాఠాలకి ఇంకా సమయం ఉంది. మాస్టారు గిటారు ఒళ్లో పెట్టుకుని కొత్త తీగ ఎక్కించే ప్రయత్నంలో ఉన్నారు. తీగ కొన గిటారు మెడ చివరనున్న మర కన్నంలో దూరడం లేదు. కన్నం చుట్టూ తిరుగుతోంది, తగులుతోంది, జారిపోతోంది. ఆయన చెయ్యి వణుకుతోంది. ఆమె తీగ అందుకుని కన్నంలో దూర్చి, మర తిప్పి బిగించింది.  ఆయన చెయ్యి మోకాలి కింద పెట్టుకున్నారు.

ఆమె వెళ్లి తన కుర్చీలో కూర్చుని, గిటారు తీసి నడక మొదలుపెట్టింది. లావు తీగ నిబ్బరంగా, అవతలి తీగ తేలిగ్గా. అరచేతి కింది అంచు తీగల మొదట ఆనించడంతో ప్రతి అడుగూ పొట్టిగా, మెత్తగా పడుతోంది. మాస్టారు అలవాటుగా, ఏం తిన్నావు అన్నారు.

"ఏమీ తినలేదు మాస్టారూ. నాకు వేళ్లు ఎప్పుడిస్తారు?"

వేలు నడుస్తోంది.

"చూద్దాం."

"ఆ మాట నేను వచ్చినప్పటి నుంచి వింటున్నాను. నా తర్వాత వచ్చినవాళ్లు పాటలు పట్టుకుపోయారు. వాళ్ల పాఠాలన్నీ నేను ఈ కుర్చీలో కూర్చుని విన్నాను. రైలు పాటలో ఏ స్వరం ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. డాక్టరుగారికి ఎక్కడ కాలు మడతపడుతుందో తెలుసు. ఆయన్ని ఎత్తుకుని అవతల దింపుతున్నది నేను. మా అక్క నాకోసం డ్రెస్సు కత్తిరించింది మాస్టారూ. నేను వాయిస్తానని వస్తున్నారు వాళ్లు."

 కళ్లలోంచి నీళ్లు కారి గిటారు అంచు మీద పడ్డాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మాస్టారు కళ్లు మూసుకుని వింటున్నారు. ఆయన వింటున్నది ఆమె మాటల్ని కాదని, వేలిని అని ఆమెకి అప్పుడు తెలిసింది.

"ఇంత మాట్లాడావు, ఏడ్చావు, ఒక్క అడుగు తప్పలేదు," అన్నారాయన కళ్లు తెరిచి. ఆ గొంతులో ఉన్నది నిజమైన మెప్పే. "ఇలాంటి వేలు నేను ఇంకెక్కడా చూడలేదు."

తర్వాత మోకాలి కిందనుంచి చెయ్యి తీసి ఆమె ముందు చాపారు. అది గాలిలో సన్నగా ఊగుతోంది.

"ఇది అయిపోయింది. నీకు తెలుసు. వేళ్లు మొదలుపెడితే నీ నడక చెడుతుంది, ఎవరికైనా చెడుతుంది. మళ్లీ కుదురుకోవడానికి చాలాకాలం పడుతుంది. అప్పటిదాకా నేను వీళ్లకి ఏం చూపించి పాఠం చెప్పాలి? నువ్వే చెప్పు."

నడకమ్మ ఆ చేతిమీంచి చూపు తిప్పి తన తీగల వైపు చూసుకుంది.  ఆదివారం కానీ, తర్వాత చూద్దాం అన్నారు మాస్టారు. మెట్ల మీద డాక్టరు బూట్ల చప్పుడు వినిపించింది. ఆమె భుజానికి మొహం తుడుచుకుంది. వేలు ఇంకా నడుస్తూనే ఉంది, దాన్ని ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి.

*

శనివారం లాండ్రీకి సెలవు. పొద్దున్నే గిటారు పట్టుకుని తమ ఇంటి మేడమీదికి వెళ్లి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుంది. ఎవరూ ఇవ్వనప్పుడు తనే తీసుకుంటే ఏం అనుకుంది. రాగం ఆమెకి కంఠతా వచ్చు. ఎన్నెన్ని చేతులు దాన్ని నేర్చుకుంటుంటే పక్కనుండి విన్నదో.

ముందు వేళ్లతో రాగం ఒక్కటీ వాయించి చూసింది. వచ్చింది. మొరటుగానే అయినా వచ్చింది.  తర్వాత నడక మొదలుపెట్టి, అది కుదురుకున్నాక, చూపుడువేలు సన్నతీగ మీద వేసింది. బొటనవేలు ఆగిపోయింది.

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి చూపుడువేలు రెండు అడుగుల మధ్య పడాల్సింది బొటనవేలితో పాటే వెళ్లి పడింది. తల్లి కొంగు వదలని పిల్లలాగా ఆ వేలు వెనకాలే పోతోంది. నెమ్మదిగా చేసింది, ఇంకా నెమ్మదిగా చేసింది. నోటితో అడుగులు లెక్కపెట్టుకుంది. ఇన్నాళ్లూ చెక్క మీద ఆనుకుని ఊరికే పడి ఉన్న వేళ్లు అక్కడే మొద్దుబారిపోయాయి. లేవమంటే అన్నీ కలిసి లేస్తున్నాయి. వేలు నడిస్తే పాట లేదు, పాట వస్తే నడక లేదు. కబుర్లాడుతూ నడవగలిగిన వేలు, ఏడుస్తూ నడవగలిగిన వేలు, పక్కవేలు కదిలితే మాత్రం నడవలేకపోతోంది. దానికి ఒంటరిగా నడవడమే వచ్చు. అంత బాగా వచ్చేలా నేర్పేశారు.

ఎండ ట్యాంకు మీదికెక్కి ఆమె మీదికి వచ్చేదాకా కూర్చుంది. ఆఖరికి నడక కూడా చెడిపోతోందని తోచి భయమేసి ఆపింది. మాస్టారు చెప్పింది నిజమే. అది ఇంకా బాధ.

తడిబట్టల బకెట్టు పట్టుకుని బావ పైకి వచ్చాడు. ఇదేంటి, నీ డుం డుం మధ్యమధ్య ఆగిపోతోంది అన్నాడు బట్టలు దులుపుతూ. ఆమె ఇక దాచలేకపోయింది. పాట తనది కాదని, డాక్టరుదని, తను వెనకాల తెర పక్కన కూర్చుని నడక వాయిస్తుందంతేనని, రావద్దని చెప్పింది. బావ బట్టల తీగ మీద చొక్కా ఆరేసి, భుజాలు సరిచేసి, క్లిప్పు పెట్టాడు. ఇంకో క్లిప్పు నోట్లో ఉంది. దాన్ని తీసి మాట్లాడాడు.

"లిఫ్టు ఎక్కినవాడికి తాడు కనిపిస్తుందా మరదలా? పెట్టె కనిపిస్తుంది, అద్దం కనిపిస్తుంది, బొత్తాలు కనిపిస్తాయి. తాడు వదిలేస్తే తెలుస్తుంది సంగతి. నేను తాళ్లు చూసుకునేవాణ్ని. నాకు చెప్పకు, వెనకాల ఉన్నది చిన్నపనని."

ఆ పూట ఆమెకి బావ మీద పుట్టుకొచ్చినంత ప్రేమ ఎవరి మీదా ఎప్పుడూ పుట్టలేదు. పొడుగమ్మ చెప్పిందీ బావ చెప్పిందీ ఒకటే. మేడ దిగేలోపు నిశ్చయించుకుంది. ఆ గుంట దగ్గర చెయ్యి తీసేస్తుంది. ఎక్కువ కాదు, నాలుగడుగులు. వేళ్లు ఆమెకి రావు, ఇంక రావేమో కూడా. ఉన్నది ఈ తాడు ఒక్కటే. అది ఉందని ఒక్కసారి అందరికీ తెలియాలి. తర్వాత కావాలంటే మళ్లీ పట్టుకుంటుంది.

*

హాలు చిన్నదే, గ్రంథాలయం మీది అంతస్తు. మడత కుర్చీలు, ఒక పక్కకి ఒరిగిన తెర, ఒకే ఒక లైటు. బావ మాట నిలబెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన అక్క. ఇద్దరూ తలలు ఒక పక్కకి వంచి తెర అంచున కనిపిస్తున్న నీలం రంగుని చూస్తున్నారు. అక్క చెయ్యి ఊపింది. నడకమ్మ పొట్టిచేతిలోంచి బయటికొచ్చిన తన మోచెయ్యి ఒకసారి చూసుకుంది.

తెర వెనక డాక్టరు అరచేతులు రుద్దుకుంటున్నాడు. ఇవాళ పొద్దున ఒక దవడపన్ను పీకేటప్పుడు కూడా ఇంత చెమట పట్టలేదన్నాడు. ఆమె నోట్లోకి చూడటం మర్చిపోయి సూటిగా కళ్లలోకి చూసి, "మీరున్నారుగా, నాకేం భయం లేదు," అన్నాడు.  అయినా నిశ్చయం మార్చుకోలేదు. ఇంతకాలం అందరి మొహాలూ చూసి ఊరుకుంది, ఈ ఒక్కసారి చూడదలుచుకోలేదు.

పాట మొదలైంది. ఆమె నడిచింది, డాక్టరు పాడించాడు. మాస్టారు రెండో వరస చివర కళ్లు మూసుకుని, వణికే చెయ్యి చంకలో ఇరికించుకుని కూర్చున్నారు. లైటు డాక్టరు గిటారు మీద పడి మెరుస్తోంది. రైలు వెళ్లిపోతోంది, ఏడుపు వెంటపడుతోంది. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. డాక్టరు ఎడమచెయ్యి మెడ మీద కిందికి జారింది. వేళ్లు పరుగందుకున్నాయి.

నడకమ్మ బొటనవేలు పైకెత్తింది.

నడక ఆగలేదు.

లావు తీగ నిబ్బరంగా, అవతలి తీగ తేలిగ్గా. ఆమె ఉలిక్కిపడి తన చేతికేసి చూసుకుంది, తనకి తెలియకుండా వేలు మళ్లీ తీగ మీద పడిందేమోనని. లేదు, అది గాలిలోనే ఉంది. తీగలు కదలకుండా ఉన్నాయి. అప్పుడు తలెత్తి డాక్టరు చేతికేసి చూసింది. ఆయన వేళ్లు పరుగెడుతున్నాయి, వాటి పక్కనే బొటనవేలు తన దారిన తాను నడుస్తోంది. కుంటడం లేదు. ఒక్క అడుగూ మింగడం లేదు. పైగా రెండో అడుగు కాస్త తేలిగ్గా వేస్తోంది, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు. ఆ అలవాటు మాస్టారు నేర్పింది కాదు. లోకంలో ఒక్క మనిషిది. పక్క కుర్చీలోంచి అది ఎప్పుడు లేచి వెళ్లి ఆయన చేతిలో కూర్చుందో ఆమెకి తెలియదు.

గుంట వచ్చింది, దాటిపోయింది. ఎవరూ తల తిప్పలేదు. మాస్టారు కళ్లు తెరవలేదు.

మళ్లీ అందుకోవచ్చు. అందుకోబోయింది, కానీ ఎందుకు? అంతలో ముందు వరసలో అక్క తన వైపే చూస్తూ కనిపించింది, డాక్టరుని కాదు, కత్తిరించిన ఆ చేతినే. నడకమ్మ తీగలకి తగలకుండా గాలిలో బొటనవేలు ఆడించడం మొదలుపెట్టింది. అటు ఒకటి, ఇటు ఒకటి, సరిగ్గా పాటతో పాటు. పాట అయిపోయేదాకా అలాగే ఆడించింది.

చప్పట్లు బాగానే పడ్డాయి. డాక్టరు లేచి, వెనక్కి తిరిగి, ఆమె వైపు చెయ్యి చాపి చూపించాడు. మళ్లీ చప్పట్లు. బావ లేచి నిలబడి కొట్టాడు. తెర వెనక్కి వచ్చాక డాక్టరు రెండు చేతులూ జోడించినంత పని చేశాడు. మధ్యలో వేళ్లు పరుగెత్తే చోట మీ నడకే చెవిలో పెట్టుకుని దాటేశానని, మీరు పక్కన లేకపోతే ఒక్క అడుగు పడేది కాదని అన్నాడు.

"నేను అక్కడ ఆపేశానండీ," అంది నడకమ్మ. "అక్కడి నుంచి చివరిదాకా నేను వాయించలేదు. అది మీ వేలే."

డాక్టరు మనసారా నవ్వాడు. "ఇంత చేసి, ఏమీ చెయ్యలేదంటారు. ఈ మంచితనమే మీతో వచ్చిన చిక్కు," అన్నాడు. ఎవరో పిలిస్తే అటు వెళ్లిపోయాడు.

మాస్టారు కుర్చీల మధ్య నుంచి మెల్లగా వచ్చి, ఒక్క అడుగు తప్పలేదు అన్నారు. సోమవారం మందుల షాపావిడ కొత్తగా చేరుతోంది, కాస్త పెందలాడే రా అన్నారు. ఆవిడకి నడక అసలు తెలియదట. ఆమె తలూపింది.

ఇంటికి ముగ్గురూ నడిచే వెళ్లారు. గిటారు బావ భుజాన ఉంది, ఇయ్యనంటే లాక్కున్నాడు. దారి పొడుగునా ఆయనే మాట్లాడాడు. తనకి సంగీతం తెలియదు గానీ తాడంటే ఏమిటో తెలుసునని, మధ్యలో డాక్టరు వేళ్లు చిందులు తొక్కుతుంటే, వెనకాల నుంచి మరదలు గట్టిగా పట్టుకోకపోతే ఆయన ఎక్కడ తేలేవాడో అని అన్నాడు. ఆ ముక్క దగ్గర నాకు ఒళ్లు జలదరించింది, నీ చెయ్యే చూస్తున్నాను అని అక్క అందుకుంది. నడకమ్మ ఇద్దరి మధ్యా నడుస్తూ విన్నది. కుడిచేతికి గాలి చల్లగా తగులుతోంది. ఆ చెయ్యి తీసుకుని ఎడమ చంకలో దాచుకుంది.

సందు మలుపు తిరిగాక, "అక్కా, ఆ కత్తిరించిన ముక్క పారేశావా?" అని అడిగింది.

"ఎందుకు పారేస్తాను? దాచాను."

"రేపు అతికించెయ్యి."

అక్క ఆగి ఆమె మొహంలోకి చూసింది. "ఇప్పుడే కదే కుట్టింది. అతుకు కనిపిస్తుంది."

"కనిపించనీ."

అక్క మళ్లీ అడుగు వేసింది. నడుస్తూనే ఆ పొట్టిచేతి అంచు రెండు వేళ్లతో పట్టుకుని, ఎక్కడ కుట్టు విప్పాలో, గుడ్డ ఎంత మిగిలిందో తడిమి చూసుకుంది.